బోర్డు మీద ఫ్రెంచి మాట

"నా కోడలి బోర్డు మీద ఫ్రెంచోళ్లకేం పనిరా?" ఆదిలక్ష్మమ్మ కొడుకును నిలదీసింది.

ఎనభై రెండులో, సత్యవేడులో, జ్ఞానాంబ ఆసుపత్రి తెరిచే రోజది. గుమ్మం పైన కొత్త బోర్డుకు గుడ్డ కప్పి ఉంది. ఏం రాయించిందో ఎవరికీ చూపలేదు. ఫ్రెంచి మాట ఒకటి ఉందని మాత్రం మొగుడితో చెప్పింది.

"దాన్ని 'నే' అంటారుమా," అన్నాడు ధనంజయ. "పుట్టింది అని అర్థం. ఇంగ్లీషోళ్లు వాళ్లకాడ తెచ్చుకున్నారు. పెండ్లయిన ఆడమనిషి పేరు రాసి, పక్కన 'నే' పెట్టి, పుట్టింటి పేరు రాస్తారు."

"మరి మగోళ్లకు?"

"మగోళ్ల ఇంటిపేరు యాడ మారతాది? వాళ్లకు దాంతో పనే ల్యా."

ఆదిలక్ష్మమ్మకు నవ్వు రాలేదు. పుట్టింటి పేరంట! ఇంటర్ కాగానే చదువు మాన్పించి పెళ్లి చేసింది ఆ పుట్టింటివాళ్లే కదా! పసిబిడ్డను ఒళ్లో వేసుకుని, "నువ్వు పోమ్మా, నేను సాకుతా" అని తిరుపతి మెడికల్ కాలేజీకి పంపింది తను. ఊరు నోళ్లు నొక్కుకుంటే గదమాయించిందీ తనే. సొమ్మొకడిది, సోకొకడిది!

ఇంతలో జ్ఞానాంబ నాయన వరదయ్య కొత్త పంచె కట్టుకుని రానే వచ్చాడు. "ఏం చెల్లెమ్మా, మా ఇంటిపేరు బోర్డుకెక్కతా ఉండాదంట! అల్లుడు చెప్పినాడు."

"ఔనన్నా. నీ బిడ్డే కదా," అంది. అని, తన మనసును తనే కసురుకుంది. పిల్ల డాక్టరయింది, అదే పదివేలు. ఆ దేవుడికి దండం పెట్టక ఈ ఏడుపేమిటి?

జ్ఞానాంబ వచ్చి చెయ్యి పట్టుకుంది. "గుడ్డ నువ్వే తియ్యాల అత్తా."

"మీ నాయన ఉండాడు కదమ్మా..."

"నువ్వే."

ఆదిలక్ష్మమ్మ గుడ్డ లాగింది. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. ఆమెకు ఒక్కటీ రాదు. "నువ్వు చదువన్నా," అంది.

వరదయ్య కళ్లజోడు సర్దుకుని, నలుగురికీ వినబడేలా గట్టిగా మొదలుపెట్టాడు. "డాక్టర్ జ్ఞానాంబ... నే..." అక్కడ ఆగిపోయాడు.

"ఏమన్నా, ఆగినావే?"

వరదయ్య పైపంచెతో కళ్లు ఒత్తుకున్నాడు.

"...నే ఆదిలక్ష్మమ్మ. నీ పేరే రాసుకునింది చెల్లెమ్మా, న్యాయంగానే రాసుకునింది!"