రెండో పేరు

భీమడోలు గ్రంథాలయంలో ఆ ఆదివారం పుస్తక చర్చ. రచయిత్రి కోసం ముందు వరసలో కుర్చీ వేసి, దాని మీద పూలదండ పెట్టారు.

ఆవిడ ఇంకా రాలేదు.

"ఇంటికి ఫోన్ చేస్తే బయల్దేరారన్నారు. మనం మొదలెట్టేద్దామండీ," అన్నారు రిటైర్డు మాస్టారు సత్యనారాయణమూర్తి.

పుస్తకం నాగరత్నం గారి ఆత్మకథ. దళిత క్రైస్తవ కుటుంబం. బడిలో ఒక పేరు, చర్చిలో ఇంకో పేరు. బడి పేరు అట్ట మీద ఉంది. ఫోటో లేదు. రెండో పేరు లోపల ఎక్కడా లేదు. 'అడిగితే నోటితో చెబుతాను' అని ముగించారు.

వెనక బెంచీ మీద మానస ముడుచుకుని కూర్చుంది. ఆమెకూ రెండు పేర్లే. క్రైస్తవురాలని తేలితే ఎస్సీ స్కాలర్‌షిప్పు పోతుంది. ఆ కాగితాల మీద సంతకం పెట్టే లెక్చరరు ఫణికుమార్ ఎదురుగానే ఉన్నారు.

"కాగితంలో హిందువు, ఆదివారం క్రైస్తవురాలు. మోసం కాదాండీ ఇది?" అన్నారాయన.

"ఎవర్ని మోసం చేసిందండీ?"

మానస పక్కన ఒక పెద్దావిడ లేచి నిలబడింది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. చంకలో గుడ్డ సంచి.

"ఎవర్నేంటండీ, ప్రభుత్వాన్ని!"

"బాప్తిస్మం తీసుకోగానే మీ పంపు దగ్గర మా బిందె ముందుకి జరిగిందాండీ? మా పేట ఊళ్ళోకి వచ్చిందా? మరి కాగితం ఒక్కటీ ఎందుకు మారాలి?"

"మీరు కూర్చోండమ్మా," మూర్తిగారు విసుక్కున్నారు. "అవన్నీ రచయిత్రి గారొచ్చి చెబుతారు."

"కూర్చోనండీ."

"అసలు మీ పేరేంటి?"

"విక్టోరియా."

"అనుకున్నా!" ఫణికుమార్ నవ్వారు. హాలంతా నవ్వింది.

"మీరేసిన కుర్చీలో కూర్చునే మనిషి ఇక్కడ లేదులెండి," అని ఆవిడ బయటికి నడిచింది.

మానస గేటు దాకా వెనకే వెళ్ళింది.

"నిన్ను ఇంట్లో ఏమంటారమ్మా?"

"లిడియా," అని గొణిగింది మానస.

"అడిగితే గట్టిగా చెప్పాలమ్మా. ఇందాక నేను చెప్పలేదూ?"

పుస్తకంలో చివరి మాట గుర్తొచ్చి మానస ఆగిపోయింది. ఆవిడ గేటు దాటి వెళ్ళిపోయింది.

స్టేషన్లో ఏలూరు పాసింజరు కూత వేసింది.

లోపల మూర్తిగారు దండ తీసేస్తున్నారు. "మాటిచ్చి రాలేదు చూశారా! ఆ రెండో పేరేంటో అడుగుదామనుకున్నాను."

మానస గుమ్మంలోకి వచ్చింది. గట్టిగా చెప్పింది.

"నా పేరు లిడియా అండీ. మానస కూడా నేనే. రెండూ నావే."

ఫణికుమార్ తల తిప్పి చూశారు.

"ఆవిడ రెండో పేరు మీరు ఇందాకే అడిగారండీ మాస్టారూ. ఆవిడ చెప్పారు."