చెవి వెనక నుంచి నడుం దాకా

“ఒక్క నిమిషం కదలకు నానమ్మా,” అంటూ దుంజా టేపు కొసను ద్రగిన్య చెవి వెనక ఆనించింది.

టేపు తడిగా, చల్లగా తగిలింది. కొస ఎవరో కొరికినట్టు చిరిగి ఉంది. రెండో తరగతి చదివే మనవరాలి మోకాళ్ల నిండా బురద. బయట పెరట్లో కోడలు రదోయ్కా గొంతు చించుకుంటోంది.

“దొడ్డి తలుపు తీసిందెవరు? పంది క్యాబేజీ తోటంతా తొక్కేసింది!”

“నేను కొలిచానని అమ్మకి చెప్పకు,” అని గుసగుసలాడింది దుంజా.

ద్రగిన్య మంచమెక్కి మూడు వారాలైంది. నడుం నొప్పి నిజమే, మొదటి వారం. తర్వాత సూప్ గిన్నె మంచం దగ్గరికే నడిచి వస్తుంటే, నడుముకి తగ్గాల్సిన తొందరేమీ కనబడలేదు. ఒక్కటే లోటు. నలభై ఏళ్లు మెడలో వేలాడిన కొట్టుగది తాళంచెవి ఇప్పుడు కోడలి మెడలో వేలాడుతోంది.

“ఎందుకే ఈ కొలతలు?”

“బడి లెక్క. ఈ వారం మీటరు, లీటరు, కిలో. కొలిచి రాసుకు రమ్మంది టీచర్.”

“బడి లెక్కయితే అమ్మకి చెప్పకపోవడమెందుకు?”

దుంజా తల వంచుకుని టేపు బురద తుడిచింది. ద్రగిన్య కళ్లు చిన్నవయ్యాయి. ఆ టీచరూ కోడలూ చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్లు; ఇద్దరూ కలిసి పిల్లచేత చేయిస్తున్న పనా ఇది?

“మరి చెవి వెనక నుంచి ఎందుకు? తల నాది కాదా?”

“తల లెక్కలోకి రాదు. కాళ్లూ రావు. నడుం చివరి దాకానే. ఎనభై. ఇప్పుడు చేతులెత్తు.”

చంకల కిందుగా టేపు చుట్టింది. “నూట పన్నెండు!” అని నోటుబుక్కులో రాసుకుంది.

ద్రగిన్య దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. ఆ ఊళ్లో పడుకున్న మనిషిని కొలిచేవాడు ఒక్కడే, శవపేటికలు చేసే వడ్రంగి జివాన్. వాడైనా తల నుంచి పాదం దాకా కొలుస్తాడు. తలా కాళ్లూ లెక్కలోకి రాని పెట్టె ఏం పెట్టె? చెక్క మిగులుతుందని తనను ముడుచుకు పడుకోమంటారా?

“ఇంట్లో ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు కొలుస్తున్నావే?”

“కదలకుండా పడుండేది నువ్వొక్కదానివే కదా!”

మధ్యాహ్నం భోజనానికి పిల్ల లీటరు చెంబు పట్టుకుని మంచం పక్కనే కూర్చుంది.

“సూప్ లీటరున్నర. పాలు లీటరు. ఇంకా పోయనా?”

“పొయ్యవే. ఏం, నా తిండి లెక్కపెట్టమన్నారా?”

“ఊఁ. రోజుకెంత పడుతుందో రాయాలి.”

ద్రగిన్య గిన్నె పక్కకు నెట్టింది. మళ్లీ దగ్గరికి లాక్కుని ఖాళీ చేసింది.

“నానమ్మా, బరువెంతుంటావు?”

“మోసుకెళ్లే నలుగురినీ అడగవే!”

“అక్కర్లేదులే. పొడవూ చుట్టుకొలతా తెలిస్తే బరువు ఈ పట్టికలో ఉంటుంది,” అంటూ దుంజా మడిచిన కాగితం విప్పి వేలు జరిపింది. “డెబ్బై.”

సాయంత్రం కిటికీలోంచి చూస్తే, జివాన్ బండి వాకిట్లో ఆగి ఉంది. పొడవాటి చెక్కలు దించుతున్నాడు.

“ఎవరికోయ్ ఆ చెక్కలు?”

“మీకే వదినా! చలి ముదిరేలోగా తయారు కావాలని మీ మిలెంకో ఒకటే తొందర.”

మిలెంకో ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. ఇక నిద్రేం పడుతుంది?

తెల్లారి రదోయ్కా లేచేసరికి పొయ్యి మండుతోంది, రొట్టె పొంగుతోంది, అత్త నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

“అత్తయ్యా! నడుం తగ్గిందా?”

“తాళంచెవి ఇటు తే.”

“ఇంకో నాలుగు రోజులు పడుకోకపోయారా?”

“పడుకుంటే కొలిచేస్తున్నారు! నాకింకా తలుంది, కాళ్లున్నాయి. చూసుకోండి అందరూ.”

కోడలికి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, తాళంచెవి తీసి ఇచ్చింది. ఆ వారమంతా ద్రగిన్య పెరడు ఊడ్చింది, మిరపకాయలు గుచ్చింది, పాక నుంచి కట్టెలు మోసింది. ఎదురైనవాళ్లకల్లా దండం పెట్టి, అడక్కుండానే తాను నిక్షేపంగా ఉన్నానని చెప్పింది.

శనివారం జివాన్ సరుకు తెచ్చి వాకిట్లో దించాడు. ద్రగిన్య దాని చుట్టూ తిరిగింది. నిడివి బాగానే ఉంది. తలా కాళ్లూ పట్టేలాగే ఉంది. గుండె రాయి చేసుకుని అడిగింది.

“మూతేదోయ్?”

“కోసిన పందిని వేణ్నీళ్లు పోసి గీకే తొట్టికి మూతెందుకు వదినా?”

ద్రగిన్య తొట్టి అంచు మీద కూలబడి, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. ఎందుకో తెలియకపోయినా కోడలూ నవ్వింది. ద్రగిన్య జివాన్‌కు రెండు గ్లాసుల రాకియా, ఇంట్లో కాచిన పళ్ల సారా, పోసింది, తనకు మూడు పోసుకుంది. కన్నకొడుకు బంగారం. కోడలు వెండి. ఇన్నాళ్లూ తన బుర్రే మట్టి.

అంతలో దుంజా నోటుబుక్కు ఊపుకుంటూ బడి నుంచి వచ్చింది.

“ఐదుకి ఐదు నానమ్మా! క్లాసులో నాకొక్కదానికే!”

“ఏదీ, నా కొలతలే కదా, చూడనీ.”

“నువ్వు చూడొద్దు!” అని పిల్ల లాక్కోబోయింది.

ద్రగిన్య పుస్తకం పైకెత్తి పట్టుకుని, కళ్లజోడు సర్దుకుంది. ఎనభై, నూట పన్నెండు, డెబ్బై, అన్నీ ముత్యాల్లా వరుసగా ఉన్నాయి. వాటి కింద ఎర్ర సిరాతో టీచర్ రాసింది:

‘శభాష్ దుంజా, కానీ ఇంత తిని ఇంతే తూగే పందిని ఇంకా మేపడం దండగని మీ నాన్నతో చెప్పు.’