ఇవాళగారి కోటు

"దీన్ని కాస్త బిగించాలి," అంటూ ఆయన ఒక బూడిదరంగు కోటు టైలరు ముందు పెట్టాడు.

తొడిగించి చూస్తే భుజాలు కిందికి జారుతున్నాయి.

"మీ అన్నగారిదా?" అన్నాడు టైలరు.

"నాదే. మొన్నటిదాకా నిండుగానే ఉండేవాణ్ణి."

టైలరు గుండుసూదులు పెట్టి, చీటీ తీశాడు. చీటీ మీద ఫంక్షన్ తేదీ రాసుకోవడం అతని పద్ధతి. ఎవరి ఫంక్షన్ దగ్గరపడితే వాళ్ళ బట్టలు ముందు.

"ఏ రోజుకి కావాలి?"

"ఇవాళ్టికి."

"ఇవాళ ఏముంది?"

"ఏమీ లేదు. ఇవాళ వేసుకుందామని."

టైలరుకి నవ్వొచ్చింది. చీటీ మీద 'ఇవాళ' అనే రాసి, వెనక చిరునామా రాసుకుని, కోటుని దొంతరలో అట్టడుగున పెట్టాడు.

"రేపు రండి."

మర్నాడు షాపు తెరిచేసరికి ఆయన వచ్చాడు.

"రేపు రండి సార్. పెళ్ళివాళ్ళవి మీద పడ్డాయి."

"అలాగే. కాసేపు కూర్చోనా?"

బల్ల మీద కూర్చున్నాడు. సూదిలో దారం ఎక్కక టైలరు తంటాలు పడుతుంటే చెయ్యి చాపాడు. ఒకటి కాదు, సూదులు గుచ్చే చిన్న దిండుకి ఉన్నవాటన్నిటికీ దారాలెక్కించి, వరసగా గుచ్చి పెట్టాడు. తర్వాత గుమ్మంలో పడే ఎండలోకి కాళ్ళు చాపుకుని, ఒక టీ అరగంట తాగాడు.

రోజూ ఇదే వరస. టైలరు ఆయనకి 'ఇవాళగారు' అని పేరు కూడా పెట్టేశాడు.

"ఇవాళగారూ, మీకు పనీపాటా ఏం లేవా?"

"పనులన్నీ అయిపోయాయి. ఇక పాటే మిగిలింది."

అలా తొమ్మిది రోజులు. పదో రోజు ఆయన రాలేదు.

విసుగొచ్చి ఉంటుందిలే అనుకున్నాడు టైలరు. కాస్త తేలికపడ్డాడు కూడా.

దిండు మీద దారమెక్కిన సూదులు ఒక్కొక్కటే తరిగిపోయాయి. ఆఖరి సూది చేతికొచ్చిన రోజు, ఎందుకో ఆగి, అట్టడుగునున్న కోటు పైకి లాగాడు. ఆ సూదితోనే కుట్టాడు.

అంతా కలిపి అరగంట పట్టింది.

చీటీ వెనకున్న చిరునామా పట్టుకుని వెళ్ళాడు. తలుపు తీసినావిడ కోటు చూసి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"ఆయన పోయి ఆరు రోజులైందండీ."

టైలరు చేతిలోని కోటు వైపు చూశాడు.

"నాతో ఒక్క మాటైనా అనలేదమ్మా. నేనేమో రేపు, రేపు అంటూ..."

"డాక్టర్లు ఒక్క నెల అన్నారు. అందులో తొమ్మిది పొద్దులు మీ దగ్గరే కూర్చున్నారు."

టైలరు తల దించుకుని కోటు, చీటీతో సహా, ఆవిడ చేతుల్లో పెట్టాడు. ఆవిడ చీటీ మీది 'ఇవాళ' అన్న అక్షరాలను వేలితో ఒకసారి తడిమింది.

"బాధపడకండి," అంది. "రోజూ ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పేవారు, 'నన్ను రేపు రమ్మనేవాడు ఇంకా ఒక్కడున్నాడే' అని."