హాలు నిండా రియాన్ష్‌లు

"రియాన్ష్!"

ఆయా ఒక్క కేక వేసింది. ఆరు తలలు తిరిగాయి.

ఆమె ఒళ్ళు మండిపోయింది. ఎంతగా అంటే, నెత్తిన గిన్నె పెడితే ఆరుగురికీ పాలు కాగేవి.

"కొత్త చొక్కా ఏ రియాన్ష్‌ది?"

ఆరుగురూ చెయ్యెత్తారు. కొత్త చొక్కా అంటే ఎవరికి చేదు?

ఏ మహాతల్లి మొదలుపెట్టిందో గానీ, ఆ ఏడాది మగబిడ్డను కన్నవాళ్ళంతా కూడబలుక్కున్నట్టు ఇదే పేరు పెట్టారు. పక్క హాల్లో ఏడుగురు ఆద్వికలు. పేరు వింటే చాలు, ఏ ఏడాది సరుకో చెప్పెయ్యొచ్చు, మందుసీసా మీద తారీఖులాగా. ఆ పేర్లు పెట్టిన పెద్దమనుషులు కనిపిస్తే నిలబెట్టి కడిగేద్దామని ఆయాకి ఎప్పటినుంచో ఉంది. వాళ్ళలో ఒక్కరూ ఇటువైపు రారాయె.

అందుకే తన గుర్తులేవో తను పెట్టుకుంది. కిటికీ వదలకుండా కూర్చునేది కిటికీ రియాన్ష్. చెంచాతో బల్ల బాదేది చెంచా రియాన్ష్. ముద్ద పెడితే మింగకుండా దాచుకునేది బుగ్గ రియాన్ష్. ఇవన్నీ మనసులోనే. పైకి అంటే మేనేజరు ఊరుకోడు. ఇక్కడ చేరినవాళ్ళు ఎవరైనా సరే, పేరుతో పిలిచి 'మీరు' అనాలని ఆయన రూలు. చొంగ తుడుస్తున్నా మీరే. తడిసిన బట్టలు మారుస్తున్నా మీరే.

పోయిన నెల ఎవరో ఇంటివాళ్ళు వస్తే, ఆమె ఒక రియాన్ష్ బదులు బుగ్గ రియాన్ష్‌ని కారెక్కించేసింది. ఐస్‌క్రీం తిని, పార్కంతా తిరిగి, ఫోటోలు దిగి, సాయంత్రం వెనక్కి వచ్చాక గానీ సంగతి బయటపడలేదు. తీసుకెళ్ళినవాళ్ళకైతే ఇప్పటికీ తెలియదు.

"ఇంకొక్క తేడా వచ్చిందా, నువ్వు ఇంటికే," అన్నాడు మేనేజరు.

ఇంట్లో సంపాదన ఆమె ఒక్కదానిదే. తల ఊపింది. గోడ చాటుకి వెళ్ళాక మాత్రం బాల్చీని ఒక్క తన్ను తన్నింది.

ఇవాళేమో పుట్టినరోజట. రియాన్ష్‌దట. ఏ రియాన్ష్‌దో గేటులో సంచీ ఇచ్చి వెళ్ళినవాళ్ళు చెప్పలేదు. సంచీ మీద పేరొక్కటే ఉంది, పెద్ద ఉపకారం చేసినట్టు.

ఆయా హాలంతా కలియజూసింది. అందరికన్నా హుషారుగా ఉన్నది చెంచా రియాన్ష్. పుట్టినరోజు లేకపోతే అంత హుషారెందుకని తేల్చేసింది. మొహం కడిగి, పౌడరు అద్ది, కొత్త చొక్కా తొడిగింది. ఉన్న నాలుగు వెంట్రుకలకీ పాపిడి తీసింది. బదులుగా, ఉన్న రెండు పళ్ళతోనూ ఒక నవ్వు వచ్చింది.

అంతలో తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది. చేతిలో కేకు. భుజాన గోనెసంచీ అంత హ్యాండ్‌బ్యాగు. కేకు బల్ల మీద పెట్టి, బ్యాగులోంచి మూడు అంకె కొవ్వొత్తి తీసి గుచ్చి, తలెత్తి చూసింది.

"నేను కుట్టించిన చొక్కా ఎవరికి తొడిగావ్?"

"రియాన్ష్ గారికేనమ్మా."

"ఏ రియాన్ష్‌కి?"

కిటికీ పరదా వెనక ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. నిన్నటి చొక్కాతో, దాని మీద నిన్నటి పప్పు మరకతో, కిటికీ రియాన్ష్ అలిగి గోడవైపు తిరిగి ఉండటం కనిపించింది.

ఆవిడ పరుగెత్తుకెళ్ళి వాటేసుకుంది. "అయ్యో నాన్నా! నీ చొక్కా ఇంకెవరికో ఇచ్చేశారా? ఊరుకో, దాని సంగతి నేను చూస్తాగా."

ఆయా సంగతి చూడటానికి వచ్చింది. ఒక చేత్తో హ్యాండ్‌బ్యాగు అడుగున ఏదో కెలుకుతూనే తిట్లు లంకించుకుంది.

"కళ్ళున్నాయా నీకు? మనిషిని గుర్తుపట్టడం కూడా రాదా?"

"ఆరుగురికీ ఒకటే పేరైతే నేనేం చెయ్యనమ్మా?"

"ఒకటే పేరేంటి? మా నాయనమ్మ నెల్లాళ్ళు నిద్ర మానుకుని వెతికి పెట్టిన పేరది! లోకంలో ఇంకెవరికీ ఉండకూడదని!"

ఆయాకి ఇక ఆగలేదు. ఇన్నాళ్ళకి ఒక ఆచూకీ దొరికింది.

"ఆవిడ హాయిగా పడుకుని ఉంటే నా ప్రాణానికి సుఖంగా ఉండేది. మిగతా అయిదిళ్ళల్లోనూ అదే నెల నిద్ర మానుకున్నట్టున్నారు!"

ఆవిడ మొహం కందగడ్డ అయింది. "ఎంత పొగరే నీకు! మేనేజరుతో చెప్పి ఈ క్షణం తీయించేస్తా. పేరేంటి నీది?"

ఆయా నాలుక కరుచుకుంది. అయిపోయింది, ఉద్యోగం ఊడింది.

"మంగతాయారు."

బ్యాగులో చెయ్యి ఆగింది.

"గేటు దగ్గర అమ్మాయీ మంగతాయారే అంది. ఆఫీసులో టీ ఇచ్చిన అమ్మాయీ అదే అంది!"

"వంటామె కూడానండీ. మొత్తం అయిదుగురం."

"మరి మీ మేనేజరు ఎవర్ని ఏమని పిలుస్తాడు?"

"అందర్నీ 'ఏయ్' అంటాడండీ."

ఆవిడ పళ్ళు నూరింది. ఫలానా మంగతాయారుని తీసెయ్యమంటే, ఈ మేనేజరు ఇంకో మంగతాయారుని గేటు దాటిస్తాడు. అప్పుడు ఈ మొండిఘటం ఇక్కడే ఉంటుంది.

"నిలబడ్డావేం? ఆ చొక్కా విప్పి ఇటు తగలెయ్!"

ఆయా ఊపిరి పీల్చుకుని చొక్కా విప్పింది. విప్పినందుకు నెత్తిన చెంచాదెబ్బ ఒకటి పడింది. పడితే పడింది, ఉద్యోగం ఉంది.

ఆవిడ ఇంకా బుసలు కొడుతూనే బ్యాగు అడుగునుంచి ఎనిమిది అంకె కొవ్వొత్తి బయటికి లాగి, మూడుకి ఎడమపక్కన కసిగా గుచ్చి, ఎనభై మూడేళ్ళ తన తండ్రి చేతికి చాకు అందించింది.