జామచెట్టు కింద ఏడు రోజులు

“ఒప్పుకున్నారండీ.”

ఫోన్లో ఆ ఒక్క ముక్క చెప్పి పరిమళ నవ్వడం మొదలుపెట్టింది. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ గేటులో, కాటా దగ్గర లారీల తూకం చూస్తున్న బెన్ని కూడా, వెనక హారన్లు మోగుతున్నా పట్టించుకోకుండా నవ్వేశాడు. పెళ్ళయిన ఈ రెండు నెలల్లో ఇద్దరూ కలిసి పెట్టుకున్న మొదటి ఆశ అది.

ఒప్పుకున్నది ప్రమీలారాణి. జగ్గయ్యపేటలో వాళ్ళు అద్దెకున్న ఇంటి ఓనరు. ఒప్పుకున్నది జిలేబీ విషయం. ఫ్యాక్టరీ గేటు దగ్గర పుట్టిన గోధుమరంగు కుక్కపిల్ల అది. తోక గుండ్రంగా చుట్టుకుని ఉంటుందని బెన్నీయే ఆ పేరు పెట్టాడు.

“షరతులున్నాయండోయ్,” అంది పరిమళ.

ఉండకుండా ఎలా ఉంటాయి? ప్రమీలారాణి ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు డ్రిల్ టీచరుగా చేసి రిటైరైంది. మెడలో విజిల్ ఇంకా తీయలేదు. షాట్‌పుట్ నేర్పేటప్పుడు ఇనపగుండు ముట్టుకోనివ్వకుండా పదిహేను రోజులు ఉత్తి చేతులతోనే విసిరించేదని ఆవిడ శిష్యురాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. పైగా, ఇంతకుముందు అద్దెకున్నవాళ్ళ కుక్క మెట్లన్నీ తడిపేసి పోయింది. ఆ వాసన వదలడానికి ఆర్నెల్లు పట్టిందట.

ఆ సాయంత్రం ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి షరతులు చదివింది. పొద్దున ఐదింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా రెండు గంటలకోసారి పెరట్లో జామచెట్టు కిందికి రావాలి. చోటు మారకూడదు. వేళ తప్పకూడదు. చెప్పే మాట ఒకటే ఉండాలి, గొంతూ ఒకటే ఉండాలి. పని అయ్యాక మెచ్చుకుని బిస్కెట్ తీయాలి.

“కుక్కపిల్లలకేం, చెప్తే ఇట్టే నేర్చుకుంటాయి. నేర్పేవాళ్ళే మూడోరోజుకి ముసుగుతన్ని పడుకుంటారు. వారం చూస్తా. దానికి నలభై ఐదు రోజులు నిండేలోగా తేలిపోవాలి. ఒక్క పూట తప్పినా జిలేబీ ఈ గేటు లోపల ఉండదు.”

ఉండకపోతే లారీ చక్రాల మధ్య పెరగాలి. దాని తోడబుట్టినవాటిలో ఒకటి అప్పుడే కుంటుతోంది. అది తలుచుకుని పరిమళ ఫోన్లో తొమ్మిది అలారాలు పెట్టింది.

ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి మొదలైంది. బెన్ని కొత్త ఎర్ర బెల్టు చేత పట్టుకుని, సగం నిద్రలోనే జామచెట్టు కిందికి నడిచాడు.

“పోసెయ్,” అన్నాడు ఆవలిస్తూ.

“మనం అనుకున్నది ‘కానియ్’ కదండీ,” అంది పరిమళ.

“ఏదైతేనేం, అర్థమైతే చాలదూ?”

పై వరండాలో విజిల్ మోగింది. ఇద్దరూ బిగుసుకుపోయి నిలబడ్డారు. ఇద్దరూ రెండు మాటలు చెబితే పిల్ల ఎవరి మాట వినాలని పైనుంచే చీవాట్లు పెట్టింది ప్రమీలారాణి.

“అమ్మాయ్, నువ్వు చెప్పు. గదమాయించకు, బతిమాలకు.”

“కానియ్, జిలేబీ.”

“ఆఁ, అదీ గొంతు.”

రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టి చెట్టు మొదలుకేసి చూశారు. తర్వాత పరిమళ “నా బంగారమే, ఎంత బుద్ధో” అని బిస్కెట్ తీసింది. అది చిటికెలో మాయమైంది.

లెక్చరర్‌గా కాలేజీలో చేరడానికి ఇంకా పదిరోజులుంది గనక పగటి వంతులన్నీ పరిమళవే. తడి తలతో పరుగెత్తింది. పొయ్యి మీద పప్పు వదిలేసి పరుగెత్తింది. బుధవారం వాన కురుస్తుంటే గొడుగేసుకుని నిలబడి, అదే గొంతుతో అదే మాట చెప్పింది. ఇవాళ కూడా గచ్చు మీద ఒక్క చుక్క పడలేదని రోజూ సాయంత్రం ఒకరికొకరు చెప్పుకుని పడీపడీ నవ్వుకున్నారు. బిస్కెట్ ప్యాకెట్లు మాత్రం రోజుకొకటి చొప్పున ఖాళీ. బెన్ని మూతి తుడుచుకుంటూ వెళ్ళి కొత్తది తెచ్చేవాడు.

గురువారం గండం వచ్చింది. నందిగామలో పరిమళ వాళ్ళమ్మ జయమణి పుట్టినరోజు. బెన్ని సెలవు పెట్టాడు. ఒంటిగంట వంతు ముగించి, ఇంటికి తాళం వేసి, బండి మీద వెళ్ళారు. బిరియానీ వడ్డించేసరికి రెండు దాటింది. పరిమళ నాలుగు ముద్దలు తిని లేచింది.

“ఎక్కడికే?” అంది జయమణి.

“మూడింటికి జిలేబీ డ్యూటీ ఉందమ్మా.”

జయమణికి సంగతంతా తెలుసు. గరిటె పక్కన పెట్టి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. “దీనికెటూ పిచ్చి పట్టింది. మీరన్నా చెప్పండి అల్లుడుగారూ.”

అల్లుడుగారు అప్పటికే హెల్మెట్ పెట్టుకున్నాడు.

చిల్లకల్లు దగ్గర ఒక లారీ అడ్డం తిరిగి హైవే మొత్తం ఆగిపోయింది. టైము రెండూ నలభై. పరిమళ ఒళ్ళో బిరియానీ పొట్లం వేడి చల్లారిపోతోంది. “పోయిందండీ, అంతా పోయింది,” అంది ఏడుపు గొంతుతో. బెన్ని బండిని పత్తిచేల పక్క మట్టిదారిలోకి దింపాడు. ఆ కుదుపులకి పొట్లం రెండుసార్లు జారింది, పరిమళ రెండుసార్లూ పట్టుకుంది.

మూడింటికి ఒక్క నిమిషం ఉందనగా గేటు తోశారు. ఒళ్ళంతా దుమ్ము. పరిమళ ఎర్ర బెల్టు అందుకుని జామచెట్టు కిందికి పరుగెత్తింది.

“కానియ్, జిలేబీ.”

గొంతు మారలేదు. పై వరండాలో ప్రమీలారాణి గడియారం చూసుకుంది. నోటి దాకా వచ్చిన విజిల్‌ని మెల్లగా వదిలేసి, క్యాలెండర్ మీద టిక్కు పెట్టడానికి లోపలికి వెళ్ళింది. వెళ్తూ నవ్విందని బెన్ని అన్నాడు. పరిమళ నమ్మలేదు.

శనివారం ఆఖరి వంతు అయిపోగానే ఆవిడే మెట్లు దిగి వచ్చింది, క్యాలెండర్‌తో సహా. అరవై మూడు టిక్కులు. నడుమ ఒక్క ఖాళీ లేదు. పరిమళ బెన్ని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“తప్పు పడదామంటే ఏం దొరకలేదు,” అంటూ ప్రమీలారాణి మెడలో విజిల్ తీసి పరిమళ మెడలో వేసింది. “పాసయ్యారు. రేపు చర్చి నుంచి రాగానే బండి తీయండి.”

“ఎక్కడికి టీచర్ గారూ?” అంది పరిమళ. తెలియక కాదు, ఆ మాట ఆవిడ నోటితోనే వినాలని.

“ఉత్తి బెల్టుతో డ్రిల్లు చాలు. దానికి తల్లిని వదిలే వయసొచ్చింది, ముక్త్యాల వెళ్ళి కుక్కపిల్లని తెచ్చుకోండి.”