సుజాత వెనక

“గిదే ఆఖరు సార్. రేపటి సంది నేను రాను,” అంది వందన, చున్నీ నడుముకు బిగిస్తూ.

డ్యాన్స్ నేర్పే ప్రభుదాస్ కిటికీలు మూశాడు. బాన్సువాడ బస్టాండు హారన్ల మోత కాస్త తగ్గింది.

“వచ్చే వారమే హైదరాబాద్‌ల ప్రోగ్రాం. ఇద్దరి డ్యాన్స్ ఒక్కరితోని ఎట్లయితది?”

“సుజాత ఉంది గదా. ఎప్పుడైనా స్టెప్పు ఆమెదే. నేను ఎనక నిలవడి కాపీ కొడుత. దానికి నేనెందుకు సార్, అద్దం వెట్టుకోండ్రి.”

బడి రోజుల నుంచీ ఇదే వరస. వందనకు తన ముఖం కన్నా సుజాత జడే ఎక్కువ పరిచయం. ఆమె పక్కన నిలబడినప్పుడల్లా, తన ఒంట్లో సొంతమైనదేదీ లేదనిపించేది.

ఇంతలో సుజాత వగరుస్తూ వచ్చింది. “ఏందే, మొఖం గట్ల వెట్టినవ్? నేను బిచ్కుంద నుంచి బస్సుల నిలవడి వచ్చిన. నువ్వేమో రాణి లెక్క సీట్ల కూసోని వచ్చి ఉంటవ్!”

వందన చున్నీ ముడి మళ్లీ బిగించుకుంది.

ప్రభుదాస్ ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టాడు. “పాట లేదు. మాటల్లేవు. నేర్చిన స్టెప్పు ఒక్కటి గూడ వద్దు. కొత్తది ఏమొస్తదో చూద్దాం.” సుజాత చెవిలో ఏదో చెప్పాడు. తర్వాత వందన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “నువ్వేం మొదలువెట్టకు. ఆమె ఎటు పోతే అటు పో.”

ఈ రోజు కూడానా! వందన పళ్లు బిగించింది.

చాలాసేపు సుజాత కదల్లేదు. ఊపిరికి ఆమె భుజం కొంచెం లేచింది. వందన భుజమూ లేచింది. మోచెయ్యి పక్కటెముకలను వదిలింది. అరచెయ్యి గాల్లో దేన్నో ఆనుకున్నట్టు ఆగి, మెల్లగా తిరిగింది. మోకాళ్లు వదులయ్యాయి. ఇద్దరూ ఒకే వైపు ఒరిగి, పడిపోబోయే చోట నిలిచారు. అక్కడి నుంచి మడమ మీద తిరుగుతూ లేచిన తీరు వందన ఏ వీడియోలోనూ చూడలేదు.

“గిదే!” ప్రభుదాస్ చప్పట్లు కొట్టాడు. “గిదే మన డ్యాన్స్.”

వందన సంచి తీసుకుని మెట్లు దిగింది. ఇంత అందం కూడా సుజాతదే. ఇక తనతో పనేముంది?

సుజాత పరుగున వచ్చి సంచి పట్టుకుంది. “దొంగదానా! గింత మంచిది లోపట వెట్టుకొని, ఇన్నేండ్లు నా ఎనక ఎందుకు నిలవడ్డవే?”

“ఎక్కిరిస్తున్నవా? చేసింది నువ్వు. నేను నిన్ను చూసుకుంట చేసిన, గంతే. సారు గట్లనే చెయ్యమన్నడు.”

సుజాత చేతిలోంచి సంచి జారింది.

“నన్ను నీ ఎనక పొమ్మన్నడే!”