ఎర్ర రుమాలు

ఏప్రిల్ ఇరవై ఒకటి. చల్లారిన మొక్కజొన్న రొట్టె తిని, అమెరికాలోని మిజోరీ సర్కారు అడవికి టర్కీ కోళ్ల వేటకు వెళ్లాను. అప్పటికే అక్కడ వేటగాళ్ల బండ్లు పద్నాలుగు ఉన్నాయి.

పెట్ట కూత వినబడింది. పెట్ట ఉన్నచోటికి పుంజు వస్తుంది. మిగతావాళ్లకంటే ముందు చేరాలని పాకుతూ వెళ్లాను. పొద వెనక పుంజుదిలాంటి ఎర్రటి తల కదిలింది. గురిపెట్టి, ట్రిగ్గర్ మీద వేలు వంచాను.

పొద తుమ్మింది.

చనిపోయిన నా భార్యకు స్నేహితురాలైన వెర్నా, ఎర్ర రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ లేచింది. రెండో చేతిలో పెట్టలా కూసే చెక్కపెట్టె ఉంది.

“కూసేది వేటగాడే కావచ్చు, కూత విని పాకొద్దని నాకూ నీ పెళ్లానికీ నేర్పింది నువ్వే కదా, ఎల్బర్ట్?”

“ఇంత జనంలో... తొందరపడ్డాను.”

“తుమ్ము రాకుంటే ఈపాటికి నీ పెళ్లాం పక్కన కూర్చునేదాన్ని. ఎర్ర రుమాలు తెచ్చి నేనూ తప్పు చేశాన్లే. ఫ్లాస్కులో కాఫీ ఉంది, తాగు.”

ఆ రాత్రి తుపాకీని బీరువాలో పెట్టి, ట్రిగ్గర్ మీద వంచిన ఆ వేలితోనే మెల్లగా తలుపు మూశాను.